ఫిట్స్, పక్షవాతం: మొదటి ఐదు నిమిషాల్లో మీ ఫోన్‌తో చెయ్యాల్సిన పనులు

ఈ ఎపిసోడ్‌లో మన మెదడు గురించి మాట్లాడుకుందాం. మెదడుకి వచ్చే జబ్బులు చాలానే ఉన్నాయి. వాటిలో మన కళ్ళ ముందే, ఇంట్లోనో బస్‌స్టాండ్‌లోనో సడన్‌గా జరిగేవి రెండు. ఒకటి ఫిట్స్, రెండోది పక్షవాతం. ఈ రెండిటిలో ఒక కామన్ పాయింట్ ఉంది. జబ్బు వచ్చిన మనిషి తనకి ఏం జరిగిందో తను చెప్పలేడు. ఫిట్స్ వచ్చినవాళ్ళకి చాలాసార్లు అసలు గుర్తే ఉండదు. పక్షవాతం వచ్చినవాళ్ళకి మాట రాకపోవచ్చు. డాక్టర్ ఆ టైంలో అక్కడ ఉండరు. మరి ఉన్నదెవరు? మీరు. పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డ మీరు.

ముందే ఒక మాట. నేను బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పని చేసి ఇటు వచ్చినవాణ్ణి, డాక్టర్‌ని కాను. ఏ మందు వాడాలి, ఎంత డోస్ అనేది నేను చెప్పను, చెప్పకూడదు కూడా. పక్కన ఉన్న మనిషిగా ఏం చూడాలి, ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ఇంతవరకే ఈ ఎపిసోడ్.

ఏలూరులో ఏం జరిగింది?

2020 డిసెంబర్ 5, శనివారం. కరోనా టైం గుర్తుంది కదా. ఏలూరు వన్‌టౌన్ ఏరియాలో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. కళ్ళు తిరగడం, వాంతులు, తలనొప్పి, నోట్లో నురగ, ఫిట్స్. పిల్లలు, పెద్దలు అని తేడా లేదు. ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి పక్కన కూర్చున్న ఇంకొకరికి రాలేదు. ఏలూరు ప్రభుత్వాసుపత్రి నిండిపోయింది. కొంతమందిని విజయవాడ, గుంటూరు పంపారు. కొద్ది రోజుల్లోనే కేసులు 600 దాటాయి. ఒకరు చనిపోయారు. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లోనే కోలుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు.

డాక్టర్లు ఒక్కొక్కటే చెక్ చేసుకుంటూ వచ్చారు. కరోనా టెస్టులు నెగెటివ్. సీటీ స్కాన్లు నార్మల్. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు రక్తం శాంపిల్స్ చూస్తే సీసం, నికెల్ కనపడ్డాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కూడా శాంపిల్స్ తీసుకున్నారు. చివరికి డిసెంబర్ 16న నిపుణులు ముఖ్యమంత్రికి చెప్పింది ఏంటంటే, ప్రధాన కారణం పురుగుమందుల అవశేషాలు అయ్యుండాలని. అవి అంతమంది ఒంట్లోకి ఏ దారిన వెళ్ళాయన్నది మాత్రం అప్పటికి తేలలేదు.

ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, ఇందులో ఫిట్స్ గురించి ఒక పెద్ద పాఠం ఉంది. ఆ వారంలో ఏలూరులో వందలమందికి ఫిట్స్ వచ్చాయి. వాళ్ళందరూ మూర్ఛ రోగులా? కాదు. మెదడుకి తట్టుకోలేని విషం ఏదో తగిలింది, మెదడు గోల పెట్టింది. అంతే. ఫిట్స్ అనేది జ్వరం లాంటి ఒక లక్షణం. జ్వరం వస్తే మలేరియానా, టైఫాయిడా, మామూలు జలుబా అని వెతుకుతాం కదా, ఇదీ అంతే.

లోపల జరిగేది ఏంటి?

మెదడులో కోట్ల కొద్దీ నాడీకణాలు ఉంటాయి, న్యూరాన్లు అంటాం. అవి చిన్న చిన్న కరెంట్ సిగ్నల్స్‌తో మాట్లాడుకుంటాయి. మామూలుగా ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు మాట్లాడతారు. ఫిట్స్ వచ్చినప్పుడు ఒక గుంపు కణాలు అన్నీ ఒకేసారి అరవడం మొదలుపెడతాయి. ఆ గోల మెదడంతా పాకితే మనిషి స్పృహ తప్పి, బిగుసుకుపోయి, కొట్టుకుంటాడు. గోల ఒక మూలే ఆగిపోతే ఆ మూల చేసే పనే తేడా పడుతుంది. అందుకే అన్ని ఫిట్సూ ఒకేలా ఉండవు.

ఫిట్స్ రావడానికి కారణాలు చాలా. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి గట్టి జ్వరంతో రావచ్చు. షుగర్ మందు వేసుకుని అన్నం తినకపోతే, షుగర్ బాగా పడిపోయి రావచ్చు. రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే రావచ్చు. తలకి దెబ్బ తగిలితే రావచ్చు. మన దేశంలో ఇంకో ముఖ్యమైన కారణం ఉంది, బద్దె పురుగు. దీని గుడ్లు మనిషి మలం ద్వారా నీళ్ళలో, మట్టిలో, అక్కడి నుంచి సరిగ్గా కడగని పచ్చి కూరల మీదకి చేరతాయి. అవి కడుపులోకి వెళ్తే పిల్ల పురుగు రక్తంలో ప్రయాణం చేసి మెదడులో గూడు కట్టుకుంటుంది. పంది మాంసం ముట్టనివాళ్ళకి, పూర్తి శాకాహారులకి కూడా ఇది రావచ్చు. దీనికి మందులున్నాయి, తగ్గుతుంది.

ఇలాంటి కారణం ఏదీ లేకుండా, ఒక రోజు కంటే ఎక్కువ తేడాతో రెండుసార్లు ఫిట్స్ వస్తే అప్పుడు దాన్ని ఎపిలెప్సీ అంటారు. ఒక్కసారే వచ్చినా, స్కాన్, ఈఈజీ చూసి మళ్ళీ వచ్చే ఛాన్స్ బాగా ఎక్కువ అనిపిస్తే డాక్టర్లు అదే పేరు పెడతారు. మనం మూర్ఛ అంటాం, పాతకాలం వాళ్ళు కాకిసోమాల అనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో 5 కోట్ల మందికి ఇది ఉంది. సరిగ్గా గుర్తించి మందులు వాడితే వాళ్ళలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చు. ఈ 70 అన్న నంబర్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

ఎదురుగా ఒకరికి ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడేంటి?

మొట్టమొదటి పని, ఫోన్ తీసి టైం చూడండి. ఎప్పుడు మొదలైందో నోట్ చేసుకోండి. ఇది ఎందుకో ఒక్క నిమిషంలో చెప్తాను.

రెండు, చుట్టూ ఉన్న ప్రమాదాలు తీసెయ్యండి. పొయ్యి, గాజు వస్తువులు, బల్ల అంచులు, రోడ్డు మీదైతే ట్రాఫిక్. తల కింద తువ్వాలో, మడిచిన చొక్కానో పెట్టండి. మెడ దగ్గర బిగుతుగా ఉన్నవి వదులు చెయ్యండి. కళ్ళజోడు తీసెయ్యండి.

మూడు, కొట్టుకోవడం తగ్గగానే మనిషిని ఒక పక్కకి తిప్పండి. నోట్లో చొంగ, వాంతి ఉంటే బయటికి కారిపోవాలి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు.

నాలుగు, పూర్తిగా తెలివి వచ్చేదాకా పక్కనే ఉండండి. ఫిట్స్ ఆగాక కూడా కాసేపు మనిషి మత్తుగా, అయోమయంగా ఉంటాడు. ఎక్కడున్నాడో తెలియదు. అప్పుడు గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టడం, కాఫీ తాగించడం వద్దు.

ఇక చెయ్యకూడనివి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోవద్దు, ఎముకలు విరగొచ్చు. నోట్లో స్పూన్, గుడ్డ, వేలు, ఏదీ పెట్టొద్దు. నాలుక మింగేస్తాడన్నది నిజం కాదు, అది జరగదు. నాలుక పక్కన కొరుక్కోవచ్చు, ఆ గాయం మానిపోతుంది. మీరు స్పూన్ పెడితే పన్ను విరిగి గొంతులో పడొచ్చు. నీళ్ళు పొయ్యొద్దు.

మరి తాళాలు? మనూళ్ళలో ఎవరికైనా ఫిట్స్ వస్తే నలుగురూ ఒకేసారి అనే మాట, "తాళాలు, తాళాలు పెట్టండి చేతిలో!" ఇనుము పట్టుకుంటే ఆగిపోతుందని నమ్మకం. ఉల్లిపాయ వాసన, చెప్పు వాసన చూపించడం కూడా అలాంటిదే. చాలామంది "పెట్టగానే ఆగిపోయింది, నేను చూశాను" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. ఎక్కువ ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. తాళాలు వెతికి, పరిగెత్తుకొచ్చి, బిగుసుకున్న గుప్పెట విప్పి పెట్టేసరికి ఆ రెండు నిమిషాలూ అయిపోతాయి. క్రెడిట్ తాళాలకి వెళ్తుంది. ఒప్పుకోని తాతయ్యతో అక్కడ గొడవ పెట్టుకోకండి. "మీరు ఈ టైం చూస్తూ ఉండండి తాతయ్యా" అని ఫోన్ ఆయన చేతిలో పెట్టండి, ఇద్దరికీ పని దొరుకుతుంది.

ఐదు నిమిషాల రూల్

టైం ఎందుకు చూడమన్నానో ఇప్పుడు. కొట్టుకోవడం ఐదు నిమిషాలు దాటిందంటే, అది దానంతట అది ఆగే ఛాన్స్ తగ్గిపోతుంది. ఎంత ఆలస్యమైతే మెదడుకి అంత నష్టం, ప్రాణానికీ ముప్పు. అప్పుడు ఇంజెక్షన్ కావాలి. అందుకే ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యడమే.

ఐదు నిమిషాలు ఆగకుండా వెంటనే చెయ్యాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఫిట్స్ వచ్చినా, ఒకటి ఆగి తెలివి రాకముందే రెండోది వచ్చినా, గర్భిణికి వచ్చినా, షుగర్ ఉన్నవాళ్ళకి వచ్చినా, తలకి దెబ్బ తగిలినా, ఊపిరి సరిగ్గా తీసుకోకపోయినా, నీళ్ళలో ఉండగా వచ్చినా. నీళ్ళలో అయితే ముందు తల పైకి ఎత్తి పట్టుకోండి, బయటికి తెచ్చాక మనిషి బాగానే కనపడినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వెళ్ళి ఉండొచ్చు.

పక్కన ఒక్కరే ఉంటే ముందు మనిషి సేఫ్‌గా ఉన్నాడో లేదో చూసి, స్పీకర్ ఆన్ చేసి 108కి మాట్లాడండి.

వీడియో తియ్యమంటున్నాను, సీరియస్‌గా

సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే మేం ముందు అడిగేది లాగ్స్. ఏ టైంకి ఏం జరిగింది, ఏది ముందు, ఏది తర్వాత. లాగ్ లేకపోతే చీకట్లో వెతకడమే. న్యూరాలజిస్ట్ పరిస్థితీ అదే. పేషెంట్ వచ్చేసరికి ఫిట్స్ ఆగిపోయి ఉంటాయి. ఈఈజీ తీస్తే, అంటే తల మీద వైర్లు పెట్టి మెదడు సిగ్నల్స్ చూసే టెస్ట్, చాలాసార్లు అది నార్మల్ వస్తుంది. నార్మల్ వచ్చినంత మాత్రాన ఎపిలెప్సీ లేదని కాదు. ఎంఆర్ఐ కూడా నార్మల్ ఉండొచ్చు. చూసినవాళ్ళు చెప్పిందే డాక్టర్‌కి పెద్ద ఆధారం.

కానీ మనం ఎలా చెప్తాం? "పడిపోయాడు సార్, కొట్టుకున్నాడు సార్." డాక్టర్‌కి కావాల్సింది అది కాదు. మొదట తల ఏ వైపు తిరిగింది? ఒక చెయ్యి ముందు మొదలైందా, రెండూ ఒకేసారా? కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా? పిలిస్తే పలికాడా? భయంలో మనకి ఇవేవీ గుర్తుండవు. ఫోన్‌కి గుర్తుంటాయి. అందుకే మనిషిని సేఫ్‌గా ఉంచాక, రెండో మనిషి ఉంటే, వీడియో తియ్యండి. ముఖం, చేతులు, కాళ్ళు అన్నీ కనపడాలి. పేరు పెట్టి పిలవండి, పలుకుతున్నాడో లేదో రికార్డ్ అవుతుంది. ఆగాక ఇంకో నిమిషం తియ్యండి.

ఆ వీడియో ఇంట్లోవాళ్ళకి పంపండి, డాక్టర్‌కి చూపించండి, తర్వాత మీ ఫోన్‌లోంచి డిలీట్ చెయ్యండి. స్టేటస్‌లో కాదు, గ్రూప్‌లో కాదు, రీల్‌లో అసలే కాదు. స్పృహలో లేని మనిషిని, బట్టలు తడిసిపోయిన మనిషిని లోకానికి చూపించే హక్కు మనకి లేదు.

ఇవీ ఫిట్సే, కానీ ఎవరూ గుర్తుపట్టరు

స్కూల్లో ఒక పాప. టీచర్ మాట్లాడుతుంటే ఐదు పది సెకన్లు అలా చూస్తూ ఉండిపోతుంది, కళ్ళు టపటపలాడతాయి, మళ్ళీ మామూలే. రోజుకి చాలాసార్లు. "పరధ్యానం" అని తిట్లు, మార్కులు తగ్గుతాయి. అది ఒక రకం ఫిట్స్ అయ్యుండొచ్చు. తేడా ఏంటంటే, పరధ్యానంలో ఉన్న పిల్లని భుజం తట్టి పిలిస్తే పలుకుతుంది. ఇందులో పలకదు.

ఇంకొకరు ఉన్నట్టుండి మాట ఆపేసి, పెదాలు చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముకుంటూ ఒక నిమిషం ఉంటారు. తర్వాత ఏమీ గుర్తుండదు. ఊళ్ళో "గాలి సోకింది" అంటారు. ఇది కూడా మెదడులో ఒక మూల జరిగే ఫిట్సే.

మూడోది మన ఏజ్ వాళ్ళకి ముఖ్యం. పొద్దున్నే లేచాక చేతులు సడన్‌గా ఉలిక్కిపడినట్టు ఎగురుతాయి. చేతిలో బ్రష్ ఎగిరి పడుతుంది, కాఫీ గ్లాస్ ఒలికిపోతుంది. తెలివి మాత్రం ఉంటుంది. నిద్ర తక్కువైన రోజు ఎక్కువ. "చేతికి పట్టు లేదు" అని అమ్మ తిడుతుంది, మనమూ పట్టించుకోం. సెమిస్టర్ పరీక్షలకి మూడు రాత్రులు మేలుకున్నాక, లేదా ఫ్రెండ్ పెళ్ళిలో తాగి తెల్లారేదాకా కూర్చున్నాక, పెద్ద ఫిట్స్ వస్తుంది. దీన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. సాధారణంగా టీనేజ్‌లో మొదలవుతుంది. మందులతో బాగా కంట్రోల్ అవుతుంది. కానీ కొన్ని రకాల ఫిట్స్ మందులు దీనికి వాడితే ఇంకా ఎక్కువ అవుతుంది. కాబట్టి "పొద్దున్న చేతులు ఎగురుతాయి సార్" అన్న ఒక్క వాక్యం డాక్టర్‌కి చెప్పడం, చెప్పకపోవడం మధ్య చాలా తేడా ఉంది.

ఫోన్ చూస్తే ఫిట్స్ వస్తాయా? ఎపిలెప్సీ ఉన్నవాళ్ళలో దాదాపు 3 శాతం మందికి టపటపా కొట్టే వెలుతురు వల్ల వస్తాయి. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం ఫ్లాష్‌లు వేగంగా వచ్చిన ఒక సీన్ చూసి 600 మందికి పైగా పిల్లల్ని ఆసుపత్రులకి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళకి ఫోన్ వెలుతురు కంటే, ఫోన్ మింగేసే నిద్రే అసలు సమస్య.

ఇక కళ్ళు తిరిగి పడిపోవడం వేరు. ఎండలోనో గుడి క్యూలోనో చాలాసేపు నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మి, ముఖం పాలిపోయి, చెమట పట్టి, మెత్తగా కూలిపోతారు. ఒకటి రెండు కుదుపులు రావచ్చు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తితే నిమిషంలో తేరుకుని మామూలుగా మాట్లాడతారు. ఫిట్స్‌లో మనిషి బిగుసుకుని పడతాడు, తర్వాత చాలాసేపు అయోమయం ఉంటుంది.

పక్షవాతం: ఇక్కడ గడియారం ఇంకా ఫాస్ట్

ఇప్పుడు రెండోదానికి వద్దాం. 2003-04లో మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో ఒక స్టడీ చేశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని దాని పేరు. దాదాపు లక్షా 80 వేల మంది జనాభా. ఒక ఏడాదిలో ఎవరెవరు దేనివల్ల చనిపోయారో లెక్క తీశారు. పల్లెటూళ్ళు కదా, అంటువ్యాధులే ముందుంటాయని చాలామంది అనుకునేవారు. తేలిందేంటంటే, 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల. గుండెపోటు, పక్షవాతం ఈ లెక్కలోవే. ఆ వివరాలు ఎలా తెలిశాయనుకున్నారు? హెల్త్ వర్కర్లు ఇంటింటికీ వెళ్ళి, "చివర్లో ఏం జరిగిందమ్మా, మీరు ఏం చూశారు" అని అడిగి రాసుకున్నారు. మళ్ళీ అదే, పక్కనున్నవాళ్ళు చూసిందే ఆధారం.

పక్షవాతం అంటే మెదడుకి రక్తం తీసుకెళ్ళే గొట్టంలో గడ్డ అడ్డం పడటం, లేదా గొట్టం చిట్లి రక్తం కారడం. అడ్డం పడిన కేసుల్లో నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని అంచనా. గుర్తుపట్టడానికి నాలుగు మాటలు: మూతి, చెయ్యి, మాట, టైం.

నవ్వమనండి, మూతి ఒక పక్కకి జారిందా? కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాచమనండి, ఒకటి కిందికి దిగిపోతోందా? "ఇవాళ ఏం వారం, ఏం కూర తిన్నావ్" అని అడగండి, మాట ముద్దగా వస్తోందా, సంబంధం లేకుండా వస్తోందా? ఈ మూడింటిలో ఒక్కటి ఉన్నా 108. నాలుగోది టైం. ఇక్కడ ఒక మెలిక ఉంది. డాక్టర్ అడిగేది "ఎప్పుడు చూశారు" అని కాదు, "చివరిసారి మనిషి మామూలుగా ఉన్నది ఎప్పుడు" అని. పొద్దున్న ఆరింటికి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, టైం ఆరు కాదు. రాత్రి పదింటికి గుడ్‌నైట్ చెప్పి పడుకున్నారు కదా, పది.

ఎందుకంటే గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మామూలుగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఇచ్చే ముందు సీటీ స్కాన్ తియ్యాల్సిందే, అది గడ్డా, రక్తం కారడమా అని. రక్తం కారుతున్నవాళ్ళకి ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రమాదం. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యొద్దు, బీపీ ఎక్కువుందని సొంతంగా టాబ్లెట్ మింగించొద్దు, నీళ్ళు కూడా తాగించొద్దు. మింగడం రాక ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నాలుగున్నర గంటలు అంటే చాలా టైం అనిపిస్తుంది. మన ఏరియాలో లెక్క వేద్దాం. ఇంట్లోవాళ్ళు "కాసేపు చూద్దాం" అన్నది ఒక గంట. దగ్గర్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి సెలైన్ పెట్టించుకుంటే ఇంకో గంట. అమలాపురం నుంచి రాజమండ్రికో కాకినాడకో గంటన్నర పైమాటే. సఖినేటిపల్లి వైపు అయితే నరసాపురం పంటు కోసం ఆగాలా, చించినాడ బ్రిడ్జి మీదుగా తిరిగి వెళ్ళాలా అన్నది ముందే తెలిసి ఉండాలి. దారిలో "పసరు మందు వేయిద్దాం" అని ఎవరో ఒకరు ఆపితే ఇక అంతే. అందుకే ఈ రోజే ఒక పని చెయ్యండి. మీ ఊరికి దగ్గర్లో 24 గంటలూ సీటీ స్కాన్ ఉండి, పక్షవాతం ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి ఏదో కనుక్కుని ఫోన్‌లో సేవ్ చేసుకోండి. 108 వాళ్ళకి కూడా అదే చెప్పొచ్చు.

రెండు ట్రిక్కీ కేసులు. ఒకటి, చెయ్యి పడిపోయి పది నిమిషాల్లో మళ్ళీ మామూలైపోయింది. "తగ్గిపోయిందిగా" అని వదిలెయ్యొద్దు. అది పెద్ద పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు, అదే రోజు వెళ్ళాలి. రెండు, మూతి వంకర పోయింది కానీ కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి, నుదురు కూడా ఆ పక్క ముడతలు పడట్లేదు, కన్ను మూయడం రావట్లేదు. ఇది ముఖం నరం వాచడం వల్ల వచ్చే బెల్స్ పాల్సీ అయ్యుండొచ్చు. దీనికీ మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మంచిది. అయితే ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే, కాబట్టి రెండిటికీ ఆసుపత్రే.

రాకుండా చూసుకోవాలంటే మొదటిది బీపీ. బీపీకి నొప్పి ఉండదు, అందుకే "బాగానే ఉందిగా" అని టాబ్లెట్ మానేస్తారు. ఆవకాయ, ఎండు చేపలు మనకి ప్రాణమే, కానీ ఉప్పు అక్కడే ఉంది. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకి, అమ్మకి ఒకసారి బీపీ చూపించండి.

దాచిపెట్టడం అనే జబ్బు

ఇందాక 70 శాతం అన్నాను కదా. మందులు వాడితే అంతమందికి ఫిట్స్ ఆగుతాయంటే, మరి ఎందుకు ఆగట్లేదు? ఒక పెద్ద కారణం దాచడం. ముఖ్యంగా అమ్మాయిల విషయంలో. సంబంధాలు చూస్తున్నారు, ఫిట్స్ ఉన్నాయని తెలిస్తే పోతాయని చెప్పరు. పెళ్ళయ్యాక అత్తారింట్లో టాబ్లెట్లు ఎక్కడ దాచాలో తెలియదు. రెండు రోజులు మానేస్తుంది. మందు సడన్‌గా ఆపితే ఫిట్స్ తిరగబడి వస్తాయి. అదీ అత్తారింట్లో, అందరి ముందు.

చట్టం ఎక్కడుందో చూడండి. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డుగా చెప్పే కారణాల్లో ఒకప్పుడు మూర్ఛ కూడా ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. మూర్ఛ ఉన్నవాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. కాకపోతే ప్లాన్ ఉండాలి. వాల్ప్రోయేట్ అనే మందు ఫిట్స్‌కి బాగా పనిచేస్తుంది కానీ కడుపులో బిడ్డకి హాని చెయ్యొచ్చు. అందుకే గర్భం ప్లాన్ చేసేముందే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్చుకోవాలి. తెలిసి భయపడి సొంతంగా మానెయ్యడం ఇంకా ప్రమాదం. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, బిడ్డ వెన్నెముక, మెదడు సరిగ్గా తయారవడానికి. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ల్యాబ్‌లో తయారుచేసిన లెడర్లీ కంపెనీ రీసెర్చ్ టీమ్‌కి హెడ్ ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన పుట్టిన గడ్డ మీద ఒక అమ్మాయి టాబ్లెట్ దాచుకుని మింగాల్సి రావడం బాధగా ఉంటుంది అండి.

మందులు ఎన్నాళ్ళు? సాధారణంగా కనీసం రెండేళ్ళు ఫిట్స్ లేకుండా ఉంటే, ఆపొచ్చా లేదా అని డాక్టర్ ఆలోచిస్తారు. ఆపినా మెల్లగా తగ్గిస్తారు. కొన్ని రకాలకి చాలా ఏళ్ళు వాడాలి. ఫోన్‌లో రోజూ రెండు అలారాలు పెట్టుకుంటే చాలు.

ఇంకా కొన్ని జాగ్రత్తలు, మన గోదావరి వాళ్ళకి స్పెషల్‌గా. ఫిట్స్ కంట్రోల్‌లో లేనివాళ్ళు కాలవలో, గోదావరి రేవులో ఒంటరిగా స్నానానికి దిగొద్దు. మోకాలి లోతు నీళ్ళు కూడా ప్రాణం తీస్తాయి. కొబ్బరి చెట్టు ఎక్కే పని, రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి ఒంటరి కాపలా, వీటికి వేరే మనిషిని చూసుకోండి. బాత్రూం తలుపు గడియ పెట్టుకోవద్దు. బండి విషయానికి వస్తే, లైసెన్స్ అప్లికేషన్‌లో ఫారం 1లో ఫిట్స్ ఉన్నాయా అని సూటిగా అడుగుతారు. అబద్ధం రాయకండి. మీ డాక్టర్ ఓకే అనేదాకా బండి ముట్టకండి, వెనక కూర్చోండి.

ఈ వీడియో ఆపగానే మూడు పనులు

ఒకటి, మీ ఫోన్‌లో ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది, లాక్ ఓపెన్ చెయ్యకుండానే కనపడుతుంది. అందులో మీ బ్లడ్ గ్రూప్, వాడే మందులు, ఇంట్లో ఒక నంబర్ పెట్టండి. ఫిట్స్ ఉన్నవాళ్ళు అది కూడా రాయండి. రెండు, ఇందాక చెప్పిన సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి నంబర్ సేవ్ చెయ్యండి. మూడు, మీ ఫ్రెండ్స్‌లో ఎవరికైనా ఫిట్స్ ఉన్నాయని తెలిస్తే, జాలి చూపించకుండా ఒక్కటే అడగండి: "వస్తే నేను ఏం చెయ్యాలిరా?" ఆ ప్రశ్న ఇప్పటిదాకా అతన్ని ఎవరూ అడిగి ఉండకపోవచ్చు.

ఉంటానండి మరి. తర్వాతి ఎపిసోడ్‌లో తలనొప్పుల గురించి మాట్లాడుకుందాం. ఏది మైగ్రేన్, ఏది కంటి పవర్, ఏ తలనొప్పికి మాత్రం వెంటనే పరిగెత్తాలి అని. అప్పటిదాకా టైంకి పడుకోండి.